గడ్డ తీసే చేతి అనుభవం

మెదడులోని పెద్ద రక్తనాళం రక్తపు గడ్డతో మూసుకుపోయి పక్షవాతం వచ్చిన మనిషిని క్యాథ్ ల్యాబ్‌లోకి (రక్తనాళాల్లోకి సన్నని గొట్టాలు పంపి చికిత్స చేసే గదిలోకి) తీసుకువచ్చినప్పుడు, బయట నిలబడిన బంధువులు ముందుగా అడిగేది డాక్టరు గురించే. ఖర్చు మాట ఆ తరువాత వస్తుంది. కావలి నుంచి వచ్చినవారైనా, ఆత్మకూరు నుంచి వచ్చినవారైనా "ఈ సారుకు బాగా చేయి తిరిగిందేనా?" అనే అడుగుతారు. నెల్లూరులో క్యాథ్ ల్యాబ్ టెక్నీషియనుగా పనిచేసే నాకు ఆ తలుపు దగ్గర సమాధానం చెప్పే తీరికా ఉండదు, హోదా కూడా లేదు. ఇక్కడైతే కాస్త వివరంగా రాయవచ్చు.

నాళం గుండా గొట్టం పంపి మెదడులోని గడ్డను బయటికి లాగే ఈ చికిత్సకు వయసు తక్కువ. రోగులపై జరిపి 2013లో ఫలితాలు వెలువరించిన మూడు పెద్ద పరీక్షల్లో, మందుల చికిత్సకన్నా దీనివల్ల అదనపు మేలు కనబడలేదు. అప్పటి పరికరాలు చాలావరకు పాతతరానివి. పైగా పెద్ద నాళంలో గడ్డ ఉందో లేదో అందరికీ ముందుగా నిర్ధారించుకోలేదు. 2015 నాటికి స్టెంట్‌తో (సన్నని తీగల వల లాంటి గొట్టంతో) గడ్డను పట్టి లాగే పద్ధతి వచ్చాక ఐదు పరీక్షలు వరుసగా మేలును చూపించాయి. ఆ ఐదింటిలోని 1,287 మంది వివరాలను 2016లో కలిపి చూస్తే, సగటున ఇద్దరు ముగ్గురికి చికిత్స చేసినప్పుడు వారిలో ఒకరికి, వైకల్యాన్ని కొలిచే స్కేలు మీద కనీసం ఒక మెట్టు తగ్గినట్టు తేలింది.

అనుభవం ఎక్కడ బయటపడుతుందని నన్ను అడిగితే, గడ్డ దగ్గర కన్నా ముందే, గుండె పైనున్న మహాధమని వంపు దగ్గర అంటాను. వయసు మళ్లినవారిలో, అందులోనూ ఏళ్ల తరబడి బీపీ ఉన్నవారిలో, ఆ వంపు సాగి మెలికలు తిరిగి ఉంటుంది. తొడ మొదట్లోని నాళం గుండా పైకి పంపిన గొట్టం మెడ నాళంలోకి ఎక్కనని మొరాయిస్తుంది. చేయి తిరిగిన డాక్టరు రోగి బల్ల మీదకు రాకముందే సీటీ యాంజియోలో (రక్తనాళాలను చూపే సీటీ స్కానులో) ఆ వంపును చూసుకొని, ఏ ఆకారపు క్యాథెటర్ (గొట్టం) కావాలో, లేక మణికట్టు నుంచే వెళ్లడం మేలో చెప్పేస్తారు. కొత్తవారు ఒకటి ఎక్కించి, అది నిలవక, మరొకటి అడుగుతారు. ఆలస్యం ఎక్కువగా అక్కడే జరుగుతుంది.

రెండో చోటు గడ్డను దాటడం. నాళాలు ఎక్స్‌రే తెర మీద కనబడేందుకు ఎక్కించే రంగు మందు గడ్డ దగ్గరే ఆగిపోతుంది కనుక అవతలి నాళం తెర మీద కనిపించదు. సన్నని తీగను దాదాపు చూపు లేకుండానే ముందుకు నడపాలి. అనుభవజ్ఞులు తీగ కొసను కొక్కెంలా వంచి తోస్తారు, ఎందుకంటే నిటారుగా ఉన్న కొస చిన్న కొమ్మలో దూరి నాళానికి చిల్లు పెట్టవచ్చు. తరువాత స్టెంట్‌ను గడ్డలో విప్పి, అది గడ్డను పట్టుకునేదాకా కొన్ని నిమిషాలు కదలకుండా ఉంచుతారు. హడావుడిగా లాగితే గడ్డ ముక్కలై పై కొమ్మల్లోకి కొట్టుకుపోతుంది. మొదటి లాగుడులోనే నాళం పూర్తిగా తెరుచుకున్న రోగులు ఎక్కువగా కోలుకుంటారు. ప్రయత్నాలు పెరిగేకొద్దీ ఆ అవకాశం సన్నగిల్లుతుంది. ఎక్కడ ఆపాలో తెలియడం కూడా అనుభవమే, నా దృష్టిలో అన్నిటికన్నా కష్టమైనది అదే.

అలాగని కేసుల సంఖ్యనే కొలబద్దగా తీసుకోకూడదు. అమెరికాలో ఆసుపత్రుల ప్రమాణాలను పరిశీలించే జాయింట్ కమిషన్ అనే సంస్థ ఈ చికిత్స చేసే కేంద్రాలకు గుర్తింపు ఇవ్వడానికి ఏడాదికి కనీసం 15 కేసులు చేసి ఉండాలన్న నియమం పెట్టింది. చేతికి అలవాటు తప్పకూడదన్నది దాని ఉద్దేశం. అయితే పేరున్న డాక్టరు దగ్గరికే జటిలమైన కేసులు చేరతాయి కాబట్టి, ఆయన ఫలితాలు కాగితం మీద కాస్త తక్కువగా కనిపించినా ఆశ్చర్యం లేదు. తెల్లవారుజామున మూడు గంటలకు డాక్టరు ఎంత నిపుణుడైనా, మత్తు డాక్టరూ నర్సూ టెక్నీషియనూ రావడానికి గంట పడితే ఆ నైపుణ్యం గంటసేపు కారిడార్‌లోనే ఉండిపోతుంది. (మా వృత్తి గొప్ప చెప్పుకుంటున్నానని అనుకున్నా సరే.)

మన జిల్లాలో మరో చిక్కు ఉంది. పేరున్న డాక్టరు కోసం నెల్లూరును దాటి, మరో 175 కిలోమీటర్లు హైవే మీద చెన్నైకి వెళ్లాలా అని ఇంటివాళ్లు తర్జనభర్జన పడతారు. పెద్ద నాళం మూసుకున్నప్పుడు నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో లెక్క కట్టారు. స్పెయిన్‌లోని కాటలోనియాలో నగరాలకు దూరంగా ఉన్న సుమారు 1,400 మందిపై జరిపి 2022లో ప్రచురించిన పరీక్షలో, నేరుగా గడ్డ తీసే పెద్ద కేంద్రానికి తీసుకువెళ్లినా, ముందు దగ్గరి స్ట్రోక్ ఆసుపత్రికి వెళ్లినా, మూడు నెలల తరువాత ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అక్కడి దగ్గరి ఆసుపత్రుల్లో గడ్డ కరిగించే ఇంజెక్షను వెంటనే ఇచ్చి పంపే ఏర్పాటు ఉంది. కనుక నా అభిప్రాయం ఇది: ఈ పని చేయగల బృందం దగ్గరలో ఉంటే, పేరు కోసం దాన్ని దాటి వెళ్లకూడదు, లేకపోతే, సీటీ తీసి, ఇవ్వదగినవారికి ఆ ఇంజెక్షను ఇచ్చి, వెంటనే పంపించాలి.

పంపే ఆసుపత్రులవారికి ఒక విన్నపం. తల వరకే తీసిన ఫిల్ములను కవరులో పెట్టి పంపితే మాకు సగమే తెలుస్తుంది. మహాధమని వంపు నుంచి మెదడు దాకా కనిపించే సీటీ యాంజియో తీసే వీలుంటే తీసి, అంబులెన్స్ బయలుదేరకముందే ఫోనుకు పంపండి. దానితోపాటు రోగి మామూలుగా ఉండగా ఆఖరిసారి చూసిన సమయాన్ని కూడా రాయండి. బండి కందుకూరు నుంచి వచ్చేలోపు మా డాక్టరు ఏ క్యాథెటర్ వాడాలో నిర్ణయించుకుంటారు, మేము దాన్ని తీసి బల్ల మీద సిద్ధంగా ఉంచుతాము.