పిన్‌బాల్ మెషీన్ అద్దం మార్చేముందు అది ఎలా పగులుతుందో అడగండి

ఇంట్లో పిన్‌బాల్ మెషీన్, అంటే అద్దం కింద తిరిగే స్టీల్ బాల్‌ని బటన్లు నొక్కి కొట్టే ఆట మెషీన్, ఉన్నవాళ్ళు పై అద్దం మార్చాల్సి వచ్చినప్పుడు ముందు అడిగేది ఎంత మందం ఉండాలి అని, ఆ తర్వాత లైట్లు దాంట్లో కనపడకుండా ఉండే రకం ఏదైనా దొరుకుతుందా అని. రెండూ అడగాల్సినవే, కాదనను. కానీ వాటికంటే ముందు అడగాల్సింది ఒకటుంది, ఈ అద్దం పగిలితే ఏ రకంగా పగులుతుంది అని. ఎందుకంటే ఆడేవాళ్ళ మొహం దాని మీదకే వంగి ఉంటుంది, మణికట్లు దాని అంచు పక్కనే ఉంటాయి, పిల్లలైతే మోచేతులు రెండూ దాని మీదే ఆనించి చూస్తుంటారు, కింద నుంచేమో దాదాపు 80 గ్రాముల స్టీల్ బాల్ ర్యాంప్ మీంచి ఎగిరి అప్పుడప్పుడూ నేరుగా వచ్చి దానికే తగులుతుంది. ఇన్ని వైపుల నుంచి దెబ్బలు తగిలే చోట మామూలు ప్లెయిన్ గ్లాస్ వేయడం అస్సలు వద్దు. తక్కువలో అయిపోతుందని, దగ్గర్లో ఉన్న అద్దాల షాపులో అప్పటికప్పుడు కోసి ఇచ్చేస్తారని చాలామంది అటే వెళ్తారు. అది పగిలితే కత్తుల్లా పొడుగు పెచ్చులు వస్తాయి, ఆ పెచ్చులు ఫ్లిప్పర్ (బాల్‌ని కొట్టే చేయి) బటన్ల మీదున్న చేతుల పక్కనే పడతాయి.

వేయాల్సింది టెంపర్డ్ గ్లాస్, కొందరు టఫెన్డ్ అంటారు, రెండూ ఒకటే. దీన్ని ఎలా చేస్తారో తెలిస్తే మిగతా జాగ్రత్తలన్నీ ఎందుకో వాటంతట అవే అర్థమవుతాయి. అద్దాన్ని 600 డిగ్రీల సెల్సియస్ దాటేదాకా వేడి చేసి రెండు వైపులా గట్టిగా గాలి కొట్టి ఒక్కసారిగా చల్లారుస్తారు, అప్పుడు పై పొర ముందే బిగుసుకుపోతుంది, లోపలిది తర్వాత మెల్లగా చల్లారుతూ ముడుచుకుంటుంది, అలా ముడుచుకుంటూ పై పొరని గట్టిగా నొక్కి పట్టుకుంటుంది. బయట నుంచి దెబ్బ తగిలితే ముందు ఆ నొక్కుడిని దాటాలి, అందుకే మామూలు అద్దం కంటే దాదాపు 4 రెట్లు తట్టుకుంటుంది. ఇక దాటిందా, లోపల పట్టి ఉన్న శక్తంతా ఒకేసారి బయటికొచ్చేసి మొత్తం షీటు చిన్న చిన్న మొద్దు ముక్కలైపోతుంది. చేతికి గీరుకోవచ్చు కానీ లోతుగా తెగే ప్రమాదం చాలా తక్కువ. నాకు ముఖ్యం ఇదే, గట్టిగా ఉండటం దీని తర్వాతే.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. హీట్ స్ట్రెంగ్థెన్డ్ అని ఇంకో రకం ఉంటుంది, పేరు విని అదీ ఇదీ ఒకటే అనుకుంటారు. దాన్ని కూడా వేడి చేసే చేస్తారు కానీ మెల్లగా చల్లారుస్తారు, మామూలు దానికి రెండు రెట్ల బలం వస్తుంది, పగిలితే మాత్రం పెద్ద పెద్ద ముక్కలే. అది సేఫ్టీ గ్లాస్ కాదు. వేడి చేసిందేనండీ అని చెప్తే ఒప్పుకోకండి, ఫుల్లీ టెంపర్డ్ అవునా కాదా అని అడగండి, మూలలో ముద్ర ఉందో లేదో చూడండి. చెరిగిపోకుండా చిన్నగా ముద్ర వేస్తారు, యూరప్‌లో అయితే ఈఎన్ 12150, అమెరికాలో ఏఎన్‌ఎస్ఐ జెడ్97.1 లాంటి ప్రమాణం నంబర్ ఉంటుంది. ముద్ర లేని పాత అద్దం అయితే ఎల్‌సీడీ స్క్రీన్ తెల్లగా పెట్టి దాని ముందు ఆ అద్దం పట్టుకుని పోలరైజ్డ్ కళ్ళజోడుతో చూస్తే మచ్చలో చారలో కనపడతాయి, అంటే వేడి చేసి చల్లార్చిందని తెలుస్తుంది. అయితే హీట్ స్ట్రెంగ్థెన్డ్‌లో కూడా అలాంటివి కనపడొచ్చు కాబట్టి దీన్ని నమ్ముకుని కొత్తది కొనకండి, కొత్తదానికి ముద్రే చూడాలి.

అక్రిలిక్, పాలీకార్బొనేట్ షీట్లు వేయొచ్చా అని కూడా అడుగుతుంటారు. పగిలే భయం తక్కువే, పాలీకార్బొనేట్ అయితే మామూలు దెబ్బలకి లొంగదు. కానీ తుడిచిన ప్రతిసారీ గీతలు పడతాయి, స్టాటిక్ వల్ల దుమ్ము లాక్కుంటాయి, మధ్యలో కిందకి వంగుతాయి. కొత్త అద్దం వచ్చేలోపు తాత్కాలికంగా అయితే సరే. లామినేటెడ్ గురించి అడిగితే, పగిలినా మధ్యలో ఉన్న ప్లాస్టిక్ పొరకి ముక్కలు అంటుకునే ఉంటాయి, ఆ గుణం మంచిదే, కానీ సరైన మందంలో దొరకడం కష్టం, అవసరం కూడా లేదనిపిస్తుంది నాకు.

సైజు విషయానికొస్తే విలియమ్స్, బాలీ, స్టెర్న్ కంపెనీల మామూలు వెడల్పు మెషీన్లలో ఎక్కువ వాటికి 21 అంగుళాల వెడల్పు, 43 అంగుళాల పొడవు, మందం అంగుళంలో పదహారింట మూడు వంతులు, అంటే 5 మిల్లీమీటర్ల కంటే కొంచెం తక్కువ. 1990ల విలియమ్స్ వైడ్‌బాడీలకి, అంటే వెడల్పు ఎక్కువున్న మెషీన్లకి, అద్దం వెడల్పు 23.75 అంగుళాలు. వైడ్‌బాడీలన్నీ ఒకే సైజు కాదు, పాత మెషీన్లు అసలే వేరు, అందుకని మోడల్ పేరు చెప్పి ఆర్డర్ ఇచ్చినా సరే పాత అద్దం కొలవండి, అది పగిలిపోయి ఉంటే అద్దం కూర్చునే పక్క చానెళ్ళ (గాడుల) లోపలి నుంచి లోపలికి కొలిచి అద్దం సులువుగా జారడానికి కాస్త ఖాళీ వదలండి. మందం దగ్గర రాజీ వద్దు, పల్చనిది వేస్తే చానెల్లో వదులుగా ఉండి గడగడలాడుతుంది, 6 మిల్లీమీటర్లది చాలా వాటిలో దూరదు, బలవంతంగా తోస్తే అంచు మీద ఒత్తిడి పడుతుంది. టెంపర్డ్ అయ్యాక కోయడం, రంధ్రం వేయడం, అంచు అరగదీయడం ఏదీ కుదరదు, ఆ పొర దెబ్బతింటే షీటంతా పోతుంది. కాబట్టి కొలత, అంచుల పని అన్నీ ముందే అయిపోవాలి, ఆ తర్వాతే కొలిమిలోకి వెళ్ళాలి. అంచులు పదును లేకుండా సాఫీగా చేయించమని గట్టిగా చెప్పండి.

అంచుల గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. మధ్యలో బాల్ తగిలినా ఏమీ కాని అద్దం, మూల వెళ్ళి సిరామిక్ టైల్‌కి చిన్నగా తగిలితే చాలు, మొత్తం పోతుంది. సిరామిక్ గట్టిది, ఒకే బిందువు దగ్గర నొక్కుతుంది, అంచు దగ్గరేమో పై పొర దాటడం తేలిక. మెషీన్ సర్వీస్ చేసేటప్పుడు అద్దం తీసి గోడకి ఆనించేసే అలవాటు చాలామందికి ఉంటుంది, కింద టైల్సో సిమెంటో ఉంటే అది మానేయండి, మందపాటి రబ్బరు మ్యాటో దుప్పటో వేసి పొడుగు అంచు కిందకి వచ్చేలా, జారకుండా పెట్టండి, లేదా పక్క గదిలో మంచం మీద పడుకోబెట్టండి. తీసేటప్పుడు పవర్ ఆపి, కాయిన్ డోర్ (ముందున్న నాణేల తలుపు) లోపలి లివర్ లాగి, అద్దాన్ని ముందు వైపు పట్టి ఉంచే లాక్‌డౌన్ బార్ ఎత్తాక అద్దాన్ని మీ వైపుకి జార్చాలి, దాదాపు 7 కిలోలు ఉంటుంది, చివరికొచ్చేసరికి ఒక్కసారిగా బరువు తెలుస్తుంది, కాబట్టి రెండు పక్కలా పట్టుకోవాలి, కాళ్ళకి చెప్పులు కాదు బూట్లు ఉండాలి. పక్క ప్లాస్టిక్ చానెళ్ళు కూడా అప్పుడే చూసేయండి, విరిగిపోయి కింది లోహం నేరుగా అద్దం అంచుకి తగులుతుంటే కొత్త అద్దం వేసి లాభం లేదు, ముందు చానెల్ మార్చాలి.

యాంటీ రిఫ్లెక్టివ్ అద్దం చాలా బాగుంటుంది, ఒకసారి దాంతో ఆడాక పాతదానికి వెళ్ళబుద్ధి కాదు, నిజంగా అద్దమే లేనట్టు ఉంటుంది. కానీ అది కూడా టెంపర్డ్‌దే అయ్యుండాలి, కోటింగ్ చూసి మురిసిపోయి ముద్ర చూడటం మర్చిపోకూడదు. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతోనే తుడవండి, పొడి దుమ్మున్నప్పుడు గట్టిగా రుద్దకండి. మెషీన్ వెనక నిలువుగా ఉండే బ్యాక్‌గ్లాస్ సంగతి మాత్రం వేరే, పాత మెషీన్లలో బొమ్మ ఆ అద్దం మీదే ప్రింట్ అయ్యుంటుంది, పైన చెప్పిన లెక్కలేవీ దానికి పెట్టకండి.

ఎప్పుడైనా పై అద్దం పగిలితే, అందరినీ ముఖ్యంగా పిల్లల్ని దూరం జరిపి, పవర్ ఆపి, గ్లవ్స్ వేసుకుని ముందు పెద్ద ముద్దలు చేత్తో తీయండి, తర్వాత వ్యాక్యూమ్. గుడ్డతో తోయకండి, ప్లేఫీల్డ్ మీద, అంటే బాల్ తిరిగే చెక్క పలక మీద, లోతైన గీతలు పడతాయి. ముక్కలు డ్రాప్ టార్గెట్ల (బాల్ తగిలితే కిందకి దిగే పలకల) సందుల్లోకి, పాప్ బంపర్ల (బాల్‌ని తన్నే గుండ్రటి వాటి) కిందకి, బాల్స్ దొర్లి వచ్చే తొట్టిలోకి దూరతాయి, ప్లేఫీల్డ్ ఎత్తి కింద కేబినెట్‌లో కూడా చూడాలి, రబ్బర్ల వెనక టార్చ్ వేసి చూడాలి. అన్నీ అయ్యాక బాల్స్ కూడా మార్చేయండి, గాజు రవ్వలకి గీసుకుపోయిన బాల్ తిరిగిన చోటల్లా ప్లేఫీల్డ్‌ని అరగదీస్తుంది.