జక్కయ్య లెక్క

ఈస్టరుకు ముందొచ్చే శ్రమల దినాలు మొదలైతే గుంటూరు, విజయవాడ సంఘాల్లో ఉపవాస కూటాలకు జనం పెరుగుతారు. గుణదల మరియమాత క్షేత్రంలో గురువుల దగ్గర పాపసంకీర్తనం (పాపాల ఒప్పుకోలు) చెప్పుకునే వరుసలూ పొడవవుతాయి. కన్నీళ్లకు లోటుండదు. లోటంతా మందిరం గేటు దాటాక చేయాల్సిన పనిలోనే. ఆ పనేమిటో లూకా 19వ అధ్యాయంలో యెరికోలో పన్నులు వసూలుచేసే సుంకపు గుత్తదారుడు జక్కయ్య లెక్కకట్టి మరీ చూపించాడు.

ఏది ముందు జరిగిందో గమనించండి. యేసు మేడిచెట్టు కిందికొచ్చి "నేడు నేను నీ యింట నుండవలసియున్నది" అన్నప్పటికి జక్కయ్య ఎవరికీ కాసు తిరిగివ్వలేదు. ప్రభువు డబ్బు ఊసే ఎత్తలేదు. ఆ ఆదరణ దొరికాకే ఆయన నిలబడి చిట్టా విప్పాడు: ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు. మోషే ధర్మశాస్త్రం ఇంత అడగలేదు. తప్పు ఒప్పుకున్నవాడు అసలు, దానిమీద అయిదోవంతు కడితే చాలంటుంది సంఖ్యాకాండం 5:7. నాలుగింతలన్నది గొర్రెను దొంగిలించి అమ్మినవాడికో, కోసినవాడికో నిర్గమకాండం 22:1 వేసే శిక్ష. జక్కయ్య దాన్ని తనకు తానే వేసుకున్నాడు. పైగా సగం పంచేశాక మిగిలిన సగంలోంచి నాలుగింతలు తీయాలి. అన్యాయపు సొమ్ము మొత్తం ఆస్తిలో ఎనిమిదోవంతు దాటిందంటే మనిషి అప్పుల పాలే!

మన మిర్చి యార్డు లెక్కలో చూద్దాం. ఒక కమీషన్ వ్యాపారి 40 టిక్కీల (మిర్చి బస్తాల) మీద టిక్కీకి కిలో చొప్పున తరుగు పేరుతో అన్యాయంగా కోశాడనుకోండి. 40 కిలోలు. క్వింటా 15,000 రూపాయలైతే 6,000. అయిదోవంతు 1,200 కలిపితే 7,200 రైతు చేతికి వెళ్లాలి. జక్కయ్య లెక్కన 24,000.

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఆ 7,200 కవర్లో పెట్టి, కృతజ్ఞత కానుకగా మందిరంలో వేసి చేతులు దులుపుకుంటారు. అది రైతు డబ్బు. దేవుడికి ఇవ్వడానికైనా మనది కాదు. లేవీయకాండం 6వ అధ్యాయం సొత్తును సొత్తుదారుడికే ఇమ్మంటుంది, యాజకుడి దగ్గరికి తేవాల్సిన పొట్టేలు మాట దాని తర్వాతే ఎత్తుతుంది. మత్తయి 5:24 అయితే కానుకను బలిపీఠం ముందే వదిలి వెళ్లమంటుంది. ఇంత పెద్ద కవరు ఎక్కడిదని అయ్యగార్లు ఒక్క మాట అడిగితే బాగుండును. అడిగేవాళ్లు తక్కువ.

రైతు దగ్గరికి డబ్బుతో, లెక్క రాసిన కాగితంతో వెళ్లాలి. "ఏమన్నా పొరపాటు జరిగుంటే క్షమించు అన్నా" అంటే ఏమీ ఒప్పుకోనట్టే. "పోయిన సీజన్లో నీ కాయ తూకంలో 40 కిలోలు కోశాను అన్నా, ఇదిగో డబ్బు" అనాలి. గుమాస్తా మీదికి నెట్టకూడదు. మొత్తం ఒకేసారి కట్టలేకపోతే వాయిదాలు రాసిచ్చి, తేదీ తప్పకుండా కట్టాలి. అంతకుముందే మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పడం మరో అన్యాయం. సంఘమంతా హల్లెలూయా అంటుంటే ఆ రైతు క్షమించక చస్తాడా?

అతను క్షమించకపోవచ్చు, నాలుగు తిట్టనూవచ్చు. లూకా 17:3 అతనికి గద్దించే హక్కు ఇచ్చింది. "దేవుడే క్షమించాడు, మీదేంటి" అనే మాట నోట రానివ్వకుండా డబ్బు ఇచ్చి రావాలి. నమ్మకం క్షమాపణతోపాటే వచ్చేయదు. యోసేపు తనను అమ్మేసిన అన్నల్ని గుర్తుపట్టిన రోజే కౌగిలించుకోలేదు. ఆనాడు తనను అమ్ముదామన్న అన్న యూదాయే (ఆదికాండం 37:27) తమ్ముడు బెన్యామీనుకు బదులు తాను దాసుడిగా ఉండిపోతానన్నాక (44:33) గానీ యోసేపు తానెవరో బయటపెట్టలేదు. వ్యాపారికి ఆ పరీక్ష వచ్చే సీజన్లో కాటా దగ్గర ఎదురవుతుంది. బాప్తిస్మమిచ్చు యోహాను కూడా సుంకరులను ఉద్యోగం మానమనలేదు, నిర్ణయించినదానికి మించి తీసుకోవద్దన్నాడు. రైతును కాటా ముందు నిలబెట్టి, ప్రతి టిక్కీ తూకం అతని కళ్లముందే చిట్టీలో రాయాలి.

ఈలోగా ఆ రైతు చనిపోతే? పల్నాడులో అతని ఊరు వెళ్లి భార్యాపిల్లల్ని వెతికి ఇవ్వాలి. వాళ్లూ లేకపోతే దగ్గరి బంధువుకు. తీసుకోవడానికి రక్తసంబంధి ఒక్కరూ లేనప్పుడే సంఖ్యాకాండం 5:8 ఆ సొమ్మును యాజకుడికి ఇమ్మంటుంది. కానుకల పెట్టె వంతు అప్పుడొస్తుంది.