330 వాట్ల సోలార్ బ్యాకప్: తప్పంతా వైరుదే

మూడు నెలలుగా డాబా మీద చేస్తున్న పని ఇప్పటికి ఒక దారికి వచ్చింది, లెక్కలతో సహా రాస్తున్నాను. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. తుఫాను గాలి వీస్తే కొబ్బరిచెట్లు తీగల మీద పడతాయి, కరెంటు ఒక్కోసారి రెండు రోజుల దాకా రాదు, ఇన్వర్టర్ మొదటి రాత్రికే చేతులెత్తేస్తుంది. ఉక్కపోతలో అమ్మ విసనకర్ర పట్టుకుని తెల్లవార్లూ కూర్చోవడం చూశాక ఇక ఆగబుద్ధి కాలేదు.

ఇంటి పైకప్పు సోలార్‌కి కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది, అదే పెట్టించుకోమన్నారు చాలామంది. బిల్లు తగ్గడానికి అది మంచిదే. కానీ బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ సిస్టమ్, అంటే కరెంటు లైనుకి కలిపి నడిచేది, లైన్లో కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది, స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కి షాక్ కొట్టకుండా అలా చేస్తారు. నాకు కావలసిందేమో కరెంటు లేని రాత్రి ఫ్యాను తిరగడం.

అందుకే ఇన్వర్టర్‌కి ఉన్న 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) టూబ్యులర్ బ్యాటరీకే, 12 వోల్టుల బ్యాటరీకి సరిపోయే 165 వాట్ల ప్యానెళ్లు రెండు పారలల్‌గా (ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్), 30 ఆంపియర్ల పీడబ్ల్యూఎం కంట్రోలర్‌తో (బ్యాటరీ ఛార్జింగ్‌ని అదుపు చేసే పెట్టె) కలిపాను. స్టాండు యాంగిల్ ఐరన్‌తో వెల్డింగ్ చేయించాను, ముఖం దక్షిణానికి, వెనక కాళ్లు ముందువాటికన్నా దాదాపు అడుగున్నర ఎత్తు, అంటే సుమారు 17 డిగ్రీల వాలు. కంట్రోలర్‌కి ముందు బ్యాటరీ, తర్వాతే ప్యానెల్ కలపాలి, విప్పేటప్పుడు ప్యానెల్ ముందు తీయాలి.

ఇంత చేసినా వారం రోజులు బ్యాటరీ నిండలేదు. ప్యానెళ్లే నాసిరకమేమోనని చాలా టెన్షన్ పడ్డాను. ఓ మధ్యాహ్నం మల్టీమీటర్ పెట్టి చూస్తే ప్యానెల్ దగ్గర 17.2 వోల్టులు, కింద కంట్రోలర్ దగ్గర 13.1. వైరు పట్టుకుంటే చేతికి వెచ్చగా తగిలింది. ఇంట్లో మిగిలిన 1.5 ఎస్‌క్యూ ఎంఎం (చదరపు మిల్లీమీటర్ల మందం) వైరు వాడాను, 12 మీటర్ల దూరం, పోనూ రానూ 24 మీటర్లు, నాలుగు వోల్టులు దారిలోనే వేడిగా పోతున్నాయి. 6 ఎస్‌క్యూ ఎంఎం డీసీ కేబుల్ వేశాక ఆ నష్టం వోల్టు పైచిలుకుకి దిగింది, కంట్రోలర్ దగ్గర 14.2 కనిపించింది. ప్యానెళ్ల మీద ఎంత ఖర్చయినా పెట్టండి, వైరు దగ్గర మాత్రం మిగల్చాలని చూడకండి. బ్యాటరీ పక్కనే ఫ్యూజు కూడా తప్పనిసరి.

మొన్న ఆదివారం రాత్రి 9కి మెయిన్ ఆపేసి రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లు (తక్కువ కరెంటు తినేవి), మూడు ఎల్ఈడీ బల్బులు, వైఫై రౌటరు నడిపాను, అన్నీ కలిపి వంద వాట్ల లోపే. తెల్లవారి 5కి లోడు తీసి అరగంట ఆగి చూస్తే 12.1 వోల్టులు, అంటే దాదాపు సగం ఖర్చయింది, అంతకన్నా దించితే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. ఇన్వర్టర్ ఆపేసి ఎండతోనే నింపితే సోమవారం నిండలేదు, మంగళవారం మధ్యాహ్నానికి 14.4 వోల్టులు తాకింది, అంటే నిండినట్టే. మూడింటికి పక్క చెట్టు కొబ్బరిమట్ట నీడ ఒక ప్యానెల్ మూలన పడగానే 13 ఆంపియర్లు కాస్తా 7కి పడిపోతున్నాయి, వచ్చేవారం స్టాండును తూర్పు పిట్టగోడ వైపు జరపాలి.