నెయ్‌షియాంగ్ కచేరీలో ఒక పూట

చైనాలో నాన్‌యాంగ్ అనే నగరం నుంచి నెయ్‌షియాంగ్‌కి బస్సులో గంటన్నర అన్నారు, రెండున్నర గంటలు పట్టింది. చైనా అనగానే అందరూ హైస్పీడ్ రైళ్ల గురించే చెప్తారు కదా, జెంగ్‌జౌ నుంచి నాన్‌యాంగ్ దాకా అది నిజమే, ఒక కునుకు తీసేలోపు దింపేసింది. ఆ తర్వాత ఎక్కింది మాత్రం అచ్చం మన పల్లెవెలుగు బస్సు. చెయ్యెత్తిన ప్రతిచోటా ఆగింది. మధ్యలో ఎవరో నాలుగు మూటలు ఎక్కించారు, అవి నా కాళ్ల దగ్గరే పెట్టారు. జెంగ్‌జౌలో మెడిసిన్ చదువుతున్న మా అమ్మాయికి పరీక్షలు, అందుకని ఒక్కడినే బయల్దేరాను, 2023 అక్టోబర్‌లో. "అంత దూరం వచ్చి కుంగ్‌ఫూకి పేరున్న షావోలిన్ మఠం చూడకుండా ఎవరికీ తెలియని ఊళ్లో పాత ఆఫీసు చూడ్డానికి వెళ్తావా నాన్నా" అంది. అవును, నెయ్‌షియాంగ్‌లో రాజుల కాలం నాటి ఆ కచేరీ కోసమే వెళ్లాను. కరణం గారి కొడుకుని, పాత కచేరీ అంటే కాళ్లు అటే లాగుతాయి.

పక్క సీట్లో డెబ్బై దాటిన పెద్దాయన. నేను ఫోన్‌లో మాట్లాడితే అది చైనీస్‌లోకి మార్చి చెప్తుంది, ఆయన మాట్లాడితే తెలుగులో ఏదో వంకరగా వస్తుంది, అయినా అర్థమవుతుంది. మీది నెయ్‌షియాంగేనా అని అడిగాను. కాదన్నట్టు తలూపారు, మళ్లీ ఔనన్నట్టు ఊపారు. ఇల్లు షీషియాలోనట. కౌంటీ అంటే మన పాత తాలూకా లాంటిది. వాళ్ల నాన్న పుట్టింది నెయ్‌షియాంగ్ కౌంటీలో, ఈయన పుట్టింది షీషియా కౌంటీలో, ఇద్దరూ పుట్టింది ఒకే ఇంట్లో. 1948లో నెయ్‌షియాంగ్ నుంచి పడమటి భాగం విడదీసి షీషియా కౌంటీ చేశారు. ఇల్లు కదల్లేదు, కౌంటీయే మారిందని చెప్తూ అరచెయ్యి ఒళ్లో బోర్లా పెట్టి, రెండో చేత్తో దాని చుట్టూ గీతలు గీసి చూపించారు.

మాది కందుకూరు దగ్గర అని చెప్పాలనిపించింది గానీ ఆయనకి అదంతా ఎలా చెప్పను? మా తాతయ్య కాగితాల్లో నెల్లూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా వచ్చింది, 1972లో దానికే ప్రకాశం అని పేరు పెట్టారు, నేను పుట్టింది ఆ జిల్లాలో. 2022లో జిల్లాలు మార్చినప్పుడు మళ్లీ నెల్లూరు అన్నారు. మధ్యలో 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. మా ఇంటి ముందు వేపచెట్టు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. చివరికి ఫోన్‌లో "మా ఊరు కూడా అంతే" అని మాత్రం అన్నాను. ఆయన నా భుజం తట్టి సంచిలోంచి ఒక కమలాపండు తీసిచ్చారు.

ఆయన మాటలు పట్టుకుని ఆ రాత్రి హోటల్లో నేను చదువుకున్నవన్నీ మళ్లీ తిరగేశాను. రెండు వేల ఏళ్ల కిందటి హాన్ వంశం కాలంలో ఈ చుట్టుపక్కల లీ అనే కౌంటీ ఉండేది. అక్కడి చామంతుల మధ్య పారే నీళ్లు తాగినవాళ్లు నూరేళ్లు దాటి బతుకుతారని అప్పటివాళ్లు రాశారు. ఐదు వందల యాభైల ప్రాంతంలో, పశ్చిమ వేయ్ రాజ్యంలో, జోంగ్‌షియాంగ్ అని పేరు పెట్టారు, మధ్య పల్లె అని చెప్పుకోవచ్చు. సుయ్ వంశం రాగానే ఆ పేరుకి గండం వచ్చింది. మొదటి చక్రవర్తి తండ్రి పేరు యాంగ్ జోంగ్. రాజుగారి తండ్రి పేరు నోటితో పలక్కూడదు. రాసే అక్షరం వేరైనా పలుకు ఒకటే, అందుకని జోంగ్ తీసేసి 'లోపలి' అనే అర్థం వచ్చే నెయ్ పెట్టారు. ఇది చదివినప్పుడు మా నాయనమ్మ గుర్తొచ్చింది. తాతయ్య పేరు వెంకటేశ్వర్లు. ఆమె బతికినన్నాళ్లూ తిరుపతి స్వామిని కూడా కొండమీద దేవుడు అనే అంది. ఇంట్లో ఒక మనిషి మీద గౌరవంతో దేవుడి పేరే మార్చుకుంది ఆమె, అక్కడ రాజు కోసం ఊరి పేరు మారింది. పద్నాలుగు వందల ఏళ్లు దాటినా ఆ పేరే.

ఇందులో నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఇంకోటుంది. ఆ పాత నెయ్‌షియాంగ్ కౌంటీ కేంద్రం ఇప్పటి షీషియాలోనే ఉండేదట. యువాన్ కాలంలో, 1304లో, తూర్పుగా ఇప్పుడున్న చోట కచేరీ కట్టారు, కౌంటీ పేరూ దానితోపాటే వెళ్లింది. మింగ్ కాలంలో 1471లో దక్షిణాన షిచువాన్ విడిపోయింది, 1948లో పడమట షీషియా. అంటే ఆ పెద్దాయన ఊళ్లో పుట్టిన పేరు ఇప్పుడు పక్క కౌంటీది. తెల్లారి ఆయన కనిపిస్తే ఈ మాట అనాలనుకున్నాను, కానీ ఆయన ఎక్కడ దిగారో కూడా చూసుకోలేదు.

తిండి సంగతి క్లుప్తంగా చెప్తాను, శాకాహారులకి ఇక్కడ కష్టం. దేశంలోనే పెద్ద పందుల పెంపకం కంపెనీ పుట్టింది ఈ కౌంటీలోనే. గుడ్డు, టమాటా వేసిన నూడుల్స్‌తో రెండు పూటలు గడిపాను. కచేరీ టికెట్ మన రూపాయల్లోకి మార్చుకుంటే గుండె ఝల్లుమంది, అయినా కొన్నాను.

లోపలికి వెళ్తే వాకిలి తర్వాత వాకిలి, ఒకదాని వెనక ఒకటి. మంటల్లో పోయినదాన్ని జాంగ్ బింగ్‌తావ్ అనే కౌంటీ అధికారి 1890ల్లో మళ్లీ కట్టించాడు. పెద్ద హాలు ముందు నేలలో రెండు రాళ్లు, ఒకటి ఫిర్యాదు చేసినవాడు మోకరిల్లడానికి, ఇంకోటి నిందితుడికి. వంగి చూస్తే మోకాళ్లు ఆనే చోట నున్నగా గుంటలు పడి ఉన్నాయి. వేలు పెట్టి చూశాను, చల్లగా తగిలింది. ఎన్ని వందలమంది ఒళ్లు వణుకుతూ కూర్చుని ఉంటారో ఇక్కడ! వాకిలికి అటూ ఇటూ ఆరు శాఖల గదులు. సిబ్బంది, ఆదాయం, ఆచారాలు, సైన్యం, శిక్షలు, పనులు. రాజధానిలో ఆరు మంత్రిత్వ శాఖలుంటే కౌంటీలో వాటికి ఆరు గదులు.

ఆదాయం గది దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. మింగ్ కాలంలో నూట పది ఇళ్లని ఒక జట్టుగా కట్టి పన్ను లెక్క రాసేవారు. భూములకి వేరే పటాలుండేవి, ఒక్కో పొలం హద్దులు పక్కపక్కనే గీస్తే చేప పొలుసుల్లా కనబడతాయని వాటిని చేపపొలుసు పటాలనే పిలిచారు. మా నాన్న పెట్టెలో ఎఫ్‌ఎంబీ, అంటే ఊరి పొలాల కొలతల పటాల పుస్తకం కూడా అచ్చం అలాగే ఉండేది. జమాబందీ, అంటే ఏటా జరిగే ఊరి లెక్కల తనిఖీ, వస్తోందంటే రెండు రోజులు ముందే ఆయన నిద్ర మానేసేవారు. అడంగల్, చిట్టా, శిస్తు లెక్క అన్నీ నేల మీద పరిచి లాంతరు పెట్టుకుని కూర్చునేవారు. 1984 జనవరిలో రామారావు గారి ప్రభుత్వం కరణాల, మునసబుల పదవులు రద్దు చేసింది. అప్పుడు నాకు పదకొండేళ్లు. రికార్డులన్నీ ఎడ్లబండి మీద వేసి అప్పజెప్పి వచ్చిన రోజు నాన్న అన్నం తినలేదు. వారసత్వంగా వచ్చే ఆ పదవులు పోవడం న్యాయమేనని నేను నమ్ముతాను, కరణం కలానికి నలిగిన కుటుంబాలు మా ఊళ్లోనే ఉన్నాయి. అయినా ఆ రోజు నాన్న ముఖం నేను మర్చిపోలేదు. తర్వాత ఏళ్ల తరబడి ఆయన కందుకూరు కచేరీ వీధి గుండా నడవలేదు, చుట్టూ తిరిగి వెళ్లేవారు.

రాజుల కాలపు చైనాలో ఇందుకు పూర్తి వ్యతిరేకం. కౌంటీ అధికారిని సొంత రాష్ట్రంలో వేసేవారు కాదు. కొన్నేళ్లకే మార్చేసేవారు. ఊరివాళ్లయిన గుమస్తాలు మాత్రం తరాల తరబడి అక్కడే ఉండేవారు. వాళ్ల భాషే రాని పరాయి మనిషి వచ్చి ఈ ఆరు గదుల మీద పెత్తనం చెయ్యాల్సి వచ్చేది. అలా వచ్చినవాడే గావ్ యీయోంగ్ అనే కౌంటీ అధికారి, జెజియాంగ్ రాష్ట్రం మనిషి. 1680లో ఆయన రాసిన ద్విపదలాంటి రెండు పంక్తులు మూడో హాల్లో స్తంభాలకి అటూ ఇటూ వేలాడుతున్నాయి. ఇప్పటి దేశాధ్యక్షుడు షీ జిన్‌పింగ్ 2013లో కౌంటీ నాయకుల ముందు వీటిని చదివారు. ఫోన్ కెమెరా ఎత్తి అర్థం చదువుకున్నాను. పదవి వస్తే గొప్ప కాదు, పోతే అవమానం కాదు, అయినా ఆ ఒక్క పదవి పనికిరానిదని అనకు, ఈ ప్రాంతమంతా దాని మీదే ఆధారపడి ఉంది. రెండోదాంట్లో, జనం బట్టే కడుతున్నాం, జనం తిండే తింటున్నాం, జనాన్ని మోసం చేయొచ్చనుకోకు, నువ్వూ జనంలో ఒకడివే అని.

ఆ వాకిట్లో యువాన్ కాలం నాటిదని చెప్పే గుయ్‌హువా అనే సువాసన పూల చెట్టు ఉంది. పూత చివరికొచ్చింది, చిన్నచిన్న పసుపు పూలు నేలంతా రాలి ఉన్నాయి. పొగడపూలు ఎండితే వచ్చే వాసన లాంటిది. అక్కడే అరుగు మీద కూర్చుని ఇంటికి ఫోన్ చేశాను. నాకు మూడు గంటలైంది, అక్కడ పన్నెండున్నర. చేపపొలుసు పటాల గురించి చెప్తే నాన్న హుషారుగా విన్నారు, హద్దురాళ్లు వేసేవాళ్లా అని అడిగారు. తర్వాత ఆ రెండు పంక్తులు చదివి తెలుగులో చెప్పాను.

ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. లైను కట్టయిందేమో అనుకున్నాను.

"ఆ మొదటి ముక్క ఇంకోసారి చెప్పరా," అన్నారు. "పోతే ఏమన్నాడు?"

చెప్పాను. వెనకాల అమ్మ భోజనానికి పిలుస్తోంది.