మిర్యాలగూడ పొగతో సిడ్నీ ఓడలు

మిర్యాలగూడలో సాగర్ బస్సు ఎక్కేసరికి పదకొండు దాటింది. కిటికీ సీటైతే దొరికింది గానీ అద్దం జరగదు. నిడమనూరు దాకా రైస్ మిల్లుల ఊక వాసన, తర్వాత ఎడమ కాల్వ కింద వరి మళ్లు, హాలియాలో ఒక చాయ్. పెద్దవూర దాటాక గుట్టలు మొదలయ్యాయి. నేను పోతున్నది డ్యామ్ చూడటానికి కాదు, మా మామ ఇంట్లో గోడ మీది బొమ్మ చూడటానికి.

మామ నేవీలో పదిహేనేళ్లు చేసి వచ్చి హిల్ కాలనీలో ఉంటున్నాడు. కొడుకుది సిడ్నీలో ఉద్యోగం. పోయినేడు వచ్చినప్పుడు వాడో పోస్టుకార్డు తెచ్చాడు. 1913 అక్టోబర్ 4న ఆస్ట్రేలియా సొంత నౌకాదళం మొదటిసారి సిడ్నీ రేవులోకి వస్తున్న పెయింటింగ్ అది. మామకు తెగ నచ్చింది. సైన్‌బోర్డులు రాసే ఆర్టిస్టును పిలిపించి, హాల్లో గోడ నిండా ఎనామిల్ రంగుల్లో వేయించాడు. ఆ ఆర్టిస్టు జన్మంతా రాసింది ఎరువుల దుకాణాల బోర్డులు, ఎన్నికల గుర్తులు. సముద్రం ముఖం చూసినవాడు కాదు.

చెప్పులు విప్పానో లేదో, మామ నన్ను గోడ ముందర నిలబెట్టాడు.

"లెక్కపెట్టు అల్లుడా."

"ఏడున్నయి మామా."

"ఓడలు గాదు, పొగగొట్టాలు."

అందరికంటే పెద్ద ఓడకు మూడు. అది ఆస్ట్రేలియా అనే బ్యాటిల్ క్రూయిజర్, అంటే పెద్ద ఫిరంగులతో వేగంగా పోయే యుద్ధనౌక. స్కాట్లాండ్‌లో కట్టారు, పన్నెండంగుళాల ఫిరంగులు ఎనిమిది, దళపతి రియర్ అడ్మిరల్ ప్యాటీ జెండా దాని మీదే ఎగిరింది. సిడ్నీ, మెల్‌బోర్న్ అనే క్రూయిజర్లకు నాలుగేసి. ఎన్‌కౌంటర్ అనే పాత క్రూయిజర్‌కు రెండు. మిగతా మూడు, వారెగో, పరమట్టా, యారా, చిన్న డిస్ట్రాయర్లు. ఆర్టిస్టు మొదట సిడ్నీకి మూడే వేశాడట. మామ ఊరుకుంటాడా? నాలుగోది ఇరికించిన చోట రంగు మందంగా ఉబ్బి ఉంది, వేలు పెడితే తగులుతుంది.

"మూడేస్తే అది ఎమ్డెన్ అయితది గదరా!"

1914 సెప్టెంబర్ 22 రాత్రి మద్రాసు రేవు మీదికొచ్చి, చమురు ట్యాంకులు తగలబెట్టి పోయిన మొదటి ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ ఓడ ఎమ్డెన్. జనం మూటాముల్లె కట్టుకుని పట్నం వదిలి పారిపోయారు. గడుసువాణ్ణి తమిళులు ఇప్పటికీ 'ఎమ్డన్' అంటారు. దానికి గొట్టాలు మూడే. అక్టోబర్‌లో పెనాంగ్ రేవులోకి దొంగతనంగా జొరబడేటప్పుడు, ఇంగ్లీషు ఓడ అనుకోవాలని, గుడ్డతో నాలుగో గొట్టం కట్టుకుంది! దాన్ని నవంబర్ 9న కోకోస్ దీవుల దగ్గర చితక్కొట్టింది ఈ గోడ మీది సిడ్నీయే. సిడ్నీ రేవులో జనం కేరింతలు కొడుతుంటే వచ్చిన పదమూడు నెలలకు.

మామ చెబుతుంటే నా కళ్లు మాత్రం పొగ మీదే ఉన్నాయి. సముద్రపు గాలికి పొగ వాలాలి కదా. ఇక్కడ నల్లగా, చిక్కగా, నిటారుగా లేచింది, అచ్చం మిర్యాలగూడ మిల్లు పొగ. నీళ్ల రంగు వరదొచ్చినప్పటి సాగర్‌ది. ఒడ్డున జనం గేట్లు ఎత్తిన రోజు వచ్చే జనమే. ఒకామె చంకలో పిల్ల, పక్కనోడి చేతిలో కాల్చిన మక్క కంకి. కంకి చెరిపెయ్యమని మామ అంటే అత్తమ్మ అడ్డుపడిందట. పక్కనే అద్దాల ఫ్రేములో అసలు పోస్టుకార్డు ఉంది. నీలంగా, నీటుగా ఉంది. నాకు గోడే నచ్చింది.

చేపల పులుసుతో తిని, ఎండ తగ్గాక లాంచీ స్టేషన్ దాకా నడిచాం. "ఆ పెద్ద ఓడ ఏమైంది మామా?" అని అడిగాను.

"వాళ్లోళ్లే ముంచిండ్రు."

యుద్ధనౌకలు తగ్గించుకోవాలని వాషింగ్టన్‌లో ఒప్పందం అయిందట. 1924 ఏప్రిల్ 12న సిడ్నీ బయట సముద్రంలోకి లాక్కుపోయి ముంచేశారు. ఎదురుగా సాగర్ నీళ్లు కదలకుండా ఉన్నాయి. వాటి అడుగున ఇక్ష్వాకుల విజయపురి ఉందని ఇక్కడి పిల్లలకు కూడా తెలుసు. మామ ఇంకేమీ అనలేదు, నేనూ అడగలేదు.

షికారుకు పోయిన లాంచీ తిరిగొచ్చి ఒడ్డుకు ఆనుకుంది. వెనక వైపు సన్నటి పొగగొట్టం కనబడింది.

"ఒకటే మామా," అన్నాను.