లిమిట్ హోల్డెమ్ సాధన: కాల్‌తో సరిపెట్టాలా, రెయిజ్ చేయాలా?

ఈమధ్య లిమిట్ హోల్డెమ్‌లో, అంటే బెట్ సైజు ముందే ఖాయమైన పోకర్ ఆటలో, నా సాధనంతా ఒక్క ప్రశ్న చుట్టూనే నడుస్తోంది. ఎదుటివాళ్లు బెట్ వేశారు, నా చేతిలో ఉన్నవి పారేయాల్సిన ముక్కలు కావు, అప్పుడు కాల్ చేసి, అంటే అంతే పెట్టి ఊరుకోవాలా, రెయిజ్ చేయాలా, అంటే బెట్ పెంచాలా? లిమిట్‌లో ఎంత వేయాలన్న బాధ లేదు. ప్రీఫ్లాప్‌లోనూ (చేతిలో రెండు ముక్కలే ఉన్నప్పుడు), ఫ్లాప్ (అందరికీ కలిపి బల్ల మీద వేసే మొదటి మూడు ముక్కలు) మీదా చిన్న బెట్, టర్న్ (నాలుగో ముక్క), రివర్ (ఐదోది, చివరిది) మీద దానికి రెట్టింపు పెద్ద బెట్, ఒక్కో రౌండులో మామూలుగా ఒక బెట్టు, మూడు రెయిజులు అయ్యాక ఆపేస్తారు. ఎంత అన్నది ముందే ఖాయం కాబట్టి, ఇంకో బెట్ పెడితే నాకు ఏం వస్తుంది అన్నదాని మీదే బుర్ర పెట్టొచ్చు. ఈ ఆట నాకు ఇంత నచ్చింది అందుకే.

నోట్‌బుక్‌లో ఇప్పుడు ప్రతి హ్యాండ్‌కీ రాస్తున్నవి ఇవి: ఎంతమంది మిగిలారు, పాట్ అంటే మధ్యలో పోగైన డబ్బు ఎంత, నన్ను గెలిపించే ముక్కలు అంటే ఔట్స్ ఎన్ని, రెయిజ్ చేస్తే దానికి కారణం ఏంటి. కారణం ఒక్క ముక్కలో రాయలేకపోతే ఆ రెయిజ్ పక్కన ప్రశ్నార్థకం పెట్టి తర్వాత తీరిగ్గా చూస్తాను. పాట్‌ని చిప్పుల్లో కాకుండా బెట్లలో లెక్కపెట్టడం అలవాటు చేసుకున్నాను. ప్రీఫ్లాప్‌లో నలుగురు రెండేసి బెట్లు పెడితే ఎనిమిది, టర్న్ రాగానే మొత్తాన్ని సగం చేస్తే పెద్ద బెట్ల లెక్క వచ్చేస్తుంది, ఆట నడుస్తుండగా ఇంతకంటే సులువైన దారి నాకు కనబడలేదు.

ఎక్కువ సమయం పెట్టింది ఫ్లష్ డ్రా మీద, అంటే ఒకే రంగు ముక్కలు నాలుగు ఉండి ఐదోదాని కోసం చూడటం. బటన్ మీద, అంటే ఫ్లాప్ నుంచి అందరికన్నా చివర వంతు వచ్చే చోట ఉన్నాను, చేతిలో ఇస్పేటు ఆసు, ఇస్పేటు ఆరు అనుకోండి. ప్రీఫ్లాప్ రెయిజ్‌కి నలుగురం దిగాం, పాట్‌లో ఎనిమిది చిన్న బెట్ల పైచిలుకు ఉంది. ఫ్లాప్‌లో ఇస్పేటు రాజు, ఇస్పేటు తొమ్మిది, ఆటీను నాలుగు. బిగ్ బ్లైండ్ (ముక్కలు చూడకముందే తప్పనిసరి బెట్ పెట్టినతను) చెక్ (బెట్ వేయకుండా వంతు వదలడం), ముందు రెయిజ్ చేసినతను బెట్, ఇంకొకతను కాల్, ఇప్పుడు నా వంతు. ఇంకా తొమ్మిది ఇస్పేట్లు మిగిలున్నాయి, రివర్ లోపల ఒకటైనా పడే అవకాశం దాదాపు 35 శాతం. ముగ్గురం మిగిలితే ప్రతి కొత్త బెట్‌లో నేను పెట్టేది మూడో వంతు, అంటే 33 శాతం, కాబట్టి రెయిజ్ దానంతట అదే గిట్టుబాటు అవుతుంది. బిగ్ బ్లైండ్ కూడా వస్తే నా వాటా పావు వంతే, అప్పుడు లాభం ఇంకా స్పష్టం. దీనిపైన ఇంకో మేలు ఉంది. ఫ్లాప్‌లో చివరి రెయిజ్ నాది కాబట్టి టర్న్‌లో చాలామంది నాకే చెక్ చేస్తారు, ఇస్పేటు పడకపోతే నేనూ చెక్ చేసి రివర్ ముక్కను ఊరికే చూస్తాను. అలా అయితే రెండు చిన్న బెట్లతో పోతుంది, కాల్ చేసుకుంటూ వెళ్తే ఒక చిన్న బెట్, ఒక పెద్ద బెట్, అంటే మూడు. ఫ్లాప్ మీద మళ్లీ రెయిజ్ చేసే ఆటగాడు ఎదురుగా ఉంటే ఈ ఆదా పోతుంది, కానీ నలుగురిలో ముగ్గురు మిగిలినంతసేపు వాటా లెక్క పోదు.

అదే డ్రాతో ఒక్కరితోనే తలపడితే సంగతి వేరు. 35 శాతం సగానికి తక్కువ. అవతలి వ్యక్తి ఫోల్డ్ చేస్తారన్న, అంటే ముక్కలు పారేస్తారన్న నమ్మకం కొంచెమైనా లేకపోతే, ముక్క ఊరికే చూసే వీలూ లేకపోతే, కాల్ చాలు.

రెండో రకం రెయిజ్ వెనకవాళ్లను బయటికి పంపడానికి. నాకు పై జత, అంటే ఫ్లాప్‌లోని పెద్ద ముక్కతో జత ఉంది, బెట్ వేసినతను సరిగ్గా నాకు ముందున్నాడు, వెనక ఇంకొకరు మధ్య జతతో కూర్చున్నారనుకుందాం. అతనికి ఐదు ఔట్స్, కనబడని 47 ముక్కల్లో 42 పనికిరావు, అంటే తర్వాతి ముక్కకి పనికిరానివీ పనికొచ్చేవీ 8.4కి 1. పాట్‌లో ఎనిమిది చిన్న బెట్లు ఉండగా నేను కాల్ చేస్తే అతను ఒక బెట్ పెట్టి పది బెట్ల పాట్ కోసం ఆడొచ్చు, అంటే 10కి 1 దొరుకుతుంది, హాయిగా కాల్ చేస్తాడు, అది సరైన కాల్ కూడా. నేను రెయిజ్ చేస్తే 11కి 2, అంటే 5.5కి 1, ఇప్పుడు కాల్ చేస్తే నష్టం అతనిదే. ఒక్క బెట్‌తో ఎదుటివాళ్ల సరైన నిర్ణయం తప్పుడు నిర్ణయం అయిపోవడం నాకు ఈ ఆటలో అన్నిటికన్నా అందంగా అనిపిస్తుంది. బెట్ వేసినతను నా వెనక, అంటే నా తర్వాత ఉంటే ఈ పని కాదు. మిగతావాళ్లు అప్పటికే ఒక బెట్ పెట్టేసి ఉంటారు, ఇంకొకటి పెట్టడానికి వెనకాడరు.

ట్రిప్స్ (ఒకే విలువ ముక్కలు మూడు) లాంటి బలమైన హ్యాండ్ వచ్చి ఫ్లాప్ పొడిగా ఉంటే, ఒకే రంగువి లేకుండా, వరస కలిసేలా లేకుండా, ఫ్లాప్‌లో కాల్ చేసి బెట్ రెట్టింపయ్యే టర్న్‌లో రెయిజ్ చేస్తాను. ఫ్లాప్‌లో రెండు ఒకే రంగు ముక్కలుంటే ఆగను.

ప్రీఫ్లాప్ మీద పెద్దగా చెప్పేది లేదు. ఇద్దరే ఆడే లిమిట్ హోల్డెమ్‌ను అల్బెర్టా యూనివర్సిటీ వాళ్లు సెఫియస్ అనే ప్రోగ్రామ్‌తో దాదాపు పూర్తిగా ఛేదించి 2015లో ప్రకటించారు, అది బటన్ మీద మొదటి వంతులో ఉత్త కాల్ దాదాపు చేయనే చేయదు, రెయిజ్ లేదా ఫోల్డ్. నేనూ మొదట దిగేటప్పుడు అదే పాటిస్తున్నాను.

రివర్ లెక్క పూర్తిగా వేరు, దీన్ని విడి పేజీలో పెట్టాను. కాల్‌కి పాట్ ముఖ్యం. ఎదుటి బెట్‌తో కలిపి ఎనిమిది పెద్ద బెట్లు ఉంటే తొమ్మిదిసార్లలో ఒకసారి గెలిచినా కాల్ నష్టం కాదు, అందుకే పెద్ద పాట్‌లో ఒక మోస్తరు జతను పారేయను. రెయిజ్‌కి వచ్చేసరికి పాట్ సైజు పక్కన పెట్టేయాలి. నా రెయిజ్‌కి ఎలాంటి హ్యాండ్స్‌తో డబ్బు పెడతారు, వాటిలో సగానికి పైగా నేను ఓడిస్తానా, ఇదొక్కటే ప్రశ్న. నన్ను ఓడించే ప్రతిసారీ మళ్లీ రెయిజ్ చేసి, దానికి నేను కాల్ చేయాల్సి వచ్చేలా ఉంటే సగం చాలదు, గెలిస్తే ఒకటి, ఓడితే రెండు, కాబట్టి మూడింట రెండు వంతులు కావాలి. రెండు జతలుండి మూడో ఇస్పేటు రివర్‌లో పడి ఎదుటివాళ్లు బెట్ వేస్తే నా నోట్‌బుక్‌లో ఇప్పుడు ఒకటే మాట: కాల్.

ఒంటరిగా సాధన చేసేటప్పుడు పేక కట్ట కలిపి రెండు ముక్కలు నాకు, మూడు ఫ్లాప్‌కి వేసుకుని, పాట్ ఐదు, ఎనిమిది, పన్నెండు బెట్లున్నట్టు మార్చి మార్చి అదే హ్యాండ్‌కి నిర్ణయం చెప్పుకుంటాను. పాట్ మారితే ఫోల్డ్ కాల్ అవుతుంది, మనుషుల సంఖ్యా కూర్చున్న చోటూ మారితే కాల్ రెయిజ్ అవుతుంది, ఇది చేతితో ముక్కలు వేసి చూస్తేనే నాకు వంటబట్టింది. వచ్చే విడతలో తీసుకోబోయేది ఔట్స్ తగ్గించి లెక్కపెట్టడం. ఆసు రాణి చేతిలో ఉండి ఫ్లాప్ తగలకపోతే ఆరు ఔట్స్‌ని ఆరుగా కాకుండా మూడుగా, నాలుగుగా లెక్కేసి, ఎంతమంది ఉన్నప్పుడు కాల్ నిలుస్తుందో పట్టిక వేస్తున్నాను.