అరికాళ్ల దగ్గర మొదలుపెట్టాను

ఇక్కడ స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో డిసెంబరులో మధ్యాహ్నం మూడున్నరకే పొద్దు గుంకుతుంది. నా దిగులుకి ఆ చీకటే కారణమనుకున్నాను. "గొంతేంటమ్మా అలా ఉంది?" అని అమ్మ ఫోన్లో అడిగినప్పుడల్లా "జలుబమ్మా" అనేదాన్ని.

చివరికి ఆరోగ్య కేంద్రానికి వెళ్లాను. దిగులు ఎంతుందో కొలిచే తొమ్మిది ప్రశ్నల కాగితం నింపితే 54కి 29 వచ్చింది; అంకె పెరిగేకొద్దీ దిగులు ఎక్కువన్నమాట. డాక్టరు డిప్రెషన్‌కి మాత్రలు రాసి, ఫిజియోథెరపిస్టు దగ్గరికి కూడా వెళ్లమంది. మనసు బాగాలేదని చెప్పుకుంటే నడుంనొప్పి వాళ్ల దగ్గరికి పంపుతారా అని ఇంటికొచ్చి ఏడ్చాను. అక్కడ నేర్పేది బాడీ అవేర్‌నెస్ థెరపీ, అంటే నిలబడటం, కదలడం, ఊపిరి తీయడం ద్వారా ఒంటిని గమనించుకునే పద్ధతి అనీ, ఫ్రాన్స్‌కు చెందిన జాక్ ద్రోప్సీ నేర్పిన కదలికల ఆధారంగా గెర్ట్రూడ్ రోక్సెండాల్ అనే ఫిజియోథెరపిస్టు దీన్ని మానసిక చికిత్సలోకి తెచ్చారనీ, 1985లో ఈ ఊరి యూనివర్సిటీలోనే దీనిమీద సిద్ధాంత గ్రంథం ఇచ్చారనీ తర్వాత తెలిసింది.

మొదటి రోజంతా నిలబడటమే. మేజోళ్లతో చెక్కనేల మీద నిలబడి, ఒంటి బరువుని మెల్లగా వేళ్ల మీదికి, మళ్లీ మడమల మీదికి తేవాలి. నా ఎడమకాలి వేళ్లు ముడుచుకుపోయి ఉన్నాయి, కుదుపుల బస్సులో పడిపోకుండా నేలని పట్టుకున్నట్టు. "సరిచెయ్యకండి, ఊరికే గమనించండి" అంది థెరపిస్టు. మోకాళ్లు బిగుసుకుని ఉన్నాయి. భుజాలు చెవుల దాకా లేచి ఉన్నాయి. ఊపిరి గొంతు దాటి కిందికి దిగడం లేదు. పొద్దస్తమానం ఇలాగే ఉంటున్నానా అని భయమేసింది.

నాలుగైదు వారాలు ఏ మార్పూ లేదు. రెండుసార్లు మానేశాను కూడా. మంచం దిగడమే గండమైన రోజున ట్రామెక్కి వెళ్లడం ఎంత పనో పడ్డవాళ్లకి తెలుసు.

ఆరో వారం వెల్లకిలా పడుకుని, పొట్టమీద చెయ్యి పెట్టుకుని, ఊపిరి వదులుతూ "మ్‌మ్" అనాలి. రెండుసార్లు గాలి తప్ప ఏమీ రాలేదు. మూడోసారి అరచేతి కింద సన్నగా అదిరింది, తంబురా తీగలాగా. నీళ్లు కళ్ల కొసల్లోంచి చెవుల్లోకి కారాయి. తర్వాత అక్కడికొచ్చే వాళ్లమంతా గుండ్రంగా కూర్చుని ఎవరికేమనిపించిందో చెప్పుకుంటాం. నా మటుకు అసలు వైద్యం అక్కడే జరిగింది. స్వీడిష్ మాట దొరక్క తెలుగులోనే "బరువు దిగింది" అన్నాను. పక్కావిడ నా చెయ్యి నొక్కింది.

మాత్రలు ఆపలేదు, డాక్టరు చెప్పేదాకా ఆపను. పన్నెండో వారం అదే కాగితం నింపితే 13 వచ్చింది.

మొన్న అమ్మ "జలుబు తగ్గిందా?" అంది. జలుబు కాదమ్మా అని మొదలుపెట్టి అంతా చెప్పాను. చెబుతుండగా భుజాలు పైకి లేస్తున్నాయని తెలిసింది. ఒక్క క్షణం ఆగి, అరికాళ్లు నేలకి ఆనించి, మిగతాది చెప్పాను.